1604 నాటి పేలుడు, దాని చుట్టూ ఉన్న దుమ్ము: నా ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. మా బ్యాచ్‌లో చాలామంది నానో కణాలు, పలుచని పొరలు లాంటి టాపిక్‌లు తీసుకున్నారు. ల్యాబ్‌లో ఉన్న పరికరాలు వాటికే సరిపోతాయి. నాకేమో మొదటి నుంచీ ఆకాశం మీదే మనసు, కానీ మా క్యాంపస్‌లో చెప్పుకోదగ్గ టెలిస్కోప్ లేదు. ఇదే మాట మా గైడ్ మేడమ్‌తో అంటే, "టెలిస్కోపులు పైన తిరుగుతూనే ఉన్నాయి కదమ్మా. అవి తీసిన డేటా అందరికీ ఊరికే ఇస్తారు. నీకు కావాల్సింది ఒక లాప్‌టాప్, నెట్, బోలెడంత ఓపిక" అన్నారు.

నిజంగానే ఊరికే ఇస్తారు. చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్‌తో ఎవరైనా ఒక నక్షత్రాన్ని చూడమని అడిగి సమయం సంపాదిస్తే, ఆ డేటా మామూలుగా కొంతకాలం పాటు వాళ్లకే ఉంటుంది. ఆ తర్వాత ఎవరైనా దించుకోవచ్చు. కంటికి కనపడని పరారుణ కాంతిలో చూసిన స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోప్ డేటా కూడా అంతే. ఒంగోలు దగ్గర పల్లెటూళ్లో మంచం మీద కూర్చుని, భూమికి లక్ష కిలోమీటర్ల పైన ఎగిరే టెలిస్కోప్ లెక్కపెట్టిన ఒక్కో ఎక్స్‌రే కణాన్నీ నేను మళ్లీ లెక్కపెట్టుకోగలిగాను. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మేడమ్ మూడు సూపర్‌నోవా అవశేషాల (నక్షత్రం పేలిపోయాక మిగిలిన వాటి) పేర్లు చెప్పి ఒకటి ఎంచుకోమన్నారు. నేను కెప్లర్ అవశేషం తీసుకున్నాను. 1604 అక్టోబరులో ఆకాశంలో ఉన్నట్టుండి ఒక కొత్త నక్షత్రం వెలిగింది. ప్రేగ్‌లో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ మబ్బుల వల్ల మొదట చూడలేకపోయి, 17వ తేదీన చూశాడు. ఆ నక్షత్రం గురుగ్రహాన్ని మించి వెలిగి, ఏడాదికి పైగా కనిపించి మాయమైంది. చైనా, కొరియా వాళ్లు కూడా దాని గురించి రాసిపెట్టుకున్నారు. మన పాలపుంతలో మామూలు కంటికి కనిపించినట్టు గట్టి ఆధారాలున్న చివరి సూపర్‌నోవా అదే. గెలీలియో దూరదర్శినిని ఆకాశం వైపు తిప్పింది 1609లో. ఐదేళ్లు ముందు తిప్పి ఉంటే అనిపిస్తుంది.

ఇప్పుడు అక్కడ మామూలు టెలిస్కోప్‌తో చూస్తే కొన్ని పోగులు తప్ప పెద్దగా ఏమీ కనపడదు. చందమామ వెడల్పులో ఎనిమిదో వంతు ఉండే ఆ గుండ్రటి బుడగ మొత్తం కనపడాలంటే ఎక్స్‌రేలో చూడాలి. పేలుడు నుంచి బయటికి దూసుకొచ్చే అఘాత తరంగం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పోతూ, ఎదురొచ్చిన వాయువును కోట్ల డిగ్రీలకు వేడెక్కిస్తుంది. అంత వేడి వాయువు ఎక్స్‌రేలో వెలుగుతుంది. దూరం ఎంతో కచ్చితంగా ఇంకా తేలలేదు. 13 వేల నుంచి 20 వేల కాంతి సంవత్సరాల మధ్య రకరకాల లెక్కలున్నాయి.

మరి పరారుణ కాంతి ఎందుకు? నేను కూడా మొదటి రోజు మేడమ్‌ని ఇదే అడిగాను. ఆ వేడి వాయువు మధ్యలో సన్నటి దుమ్ము రేణువులు ఉంటాయి. అవి ఇసుక లాంటి సిలికేట్ రేణువులు, కంటికి ఆననంత చిన్నవి. చుట్టూ కోట్ల డిగ్రీల వాయువు ఉన్నా వాటి వేడి ఎంతో తెలుసా? కెల్విన్ లెక్కన 80 నుంచి 100, అంటే దాదాపు మైనస్ 190 నుంచి మైనస్ 170 సెల్సియస్. నేను నమ్మలేదు. అప్పుడు మేడమ్ దీపావళి గుర్తు చేశారు. కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వలు వెయ్యి డిగ్రీల వేడి మీద ఉంటాయి, కానీ చేతి మీద పడితే చురుక్కుమంటాయే గానీ చెయ్యి కాలదు. రవ్వలో వేడి తీవ్రతే ఎక్కువ, మొత్తం వేడి చాలా కొంచెం. ఇక్కడా అంతే. వాయువు ఎంతో పలుచన. ఒక ఎలక్ట్రాన్ వచ్చి రేణువును గుద్దుతుంది, రేణువు కాస్త వేడెక్కుతుంది, మళ్లీ ఇంకోటి వచ్చేలోపు ఆ వేడిని పరారుణ కాంతిగా వదిలేస్తుంది. వాయువు చిక్కగా ఉంటే దెబ్బలు ఎక్కువ పడతాయి, దుమ్ము ఎక్కువ వేడిగా ఉంటుంది. పలుచగా ఉంటే చల్లగా ఉంటుంది.

అంటే దుమ్ము వేడి కొలిస్తే వాయువు సాంద్రత తెలుస్తుంది. వాయువు ఎంత వేడిగా ఉందో ఎక్స్‌రే చెబుతుంది, ఎంత చిక్కగా ఉందో దుమ్ము చెబుతుంది. రెండూ కలిపితే, పేలకముందు ఆ నక్షత్రం తన చుట్టూ ఏం వదిలిపెట్టిందో తెలుసుకోవచ్చు. నా ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడిచింది.

మొదటి నెల చంద్ర డేటాతోనే సరిపోయింది. కెప్లర్ అవశేషాన్ని చంద్ర 2006లో విడతలు విడతలుగా దాదాపు ఏడున్నర లక్షల సెకన్లు చూసింది. అంటే ఎనిమిది రోజుల పైచిలుకు. దించుకున్న ఫైల్ తెరిస్తే బొమ్మ ఉంటుందనుకున్నాను. బొమ్మ లేదు, ఒక పట్టిక ఉంది. ఒక్కో వరుస ఒక్కో ఎక్స్‌రే కణానిది. అది ఏ క్షణంలో వచ్చింది, కెమెరాలో ఏ పిక్సెల్ మీద పడింది, దాని శక్తి ఎంత. అంతే. ఆ వరుసల్ని ఆకాశంలో వాటి వాటి చోట్ల పేర్చుకుంటూ పోతే బొమ్మ తయారవుతుంది. నా లాప్‌టాప్‌లో ఆ పని జరుగుతుంటే కళ్లార్పకుండా చూశాను. ముందు నల్లటి తెర మీద చుక్కలు, తర్వాత ఒక మసక వలయం. ఆ తర్వాత పై భాగంలో మెరిసే కట్ట, పక్కల్లో చెవుల్లా పొడుచుకొచ్చిన రెండు భాగాలు కనపడ్డాయి. ఒకప్పుడు ప్రేగ్‌లో కెప్లర్ మామూలు కంటితో చూసిన చుక్క ఇదే కదా అనుకుంటూ ఆ రాత్రి చాలాసేపు కూర్చుండిపోయాను.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట. చంద్ర డేటా శుభ్రం చేసే సీఐఏఓ, బొమ్మలు చూసే డీఎస్9, స్పెక్ట్రమ్ విశ్లేషించే ఎక్స్‌స్పెక్ అన్నీ ఉచితమే. లినక్స్ ఉంటే సుఖం. పరికరం కొలతల్ని సరిచేసే కాలిబ్రేషన్ ఫైళ్లు మాత్రం చాలా బరువు. మా ఊళ్లో పగటిపూట నెట్ నత్తనడకే, అందుకని రాత్రి పన్నెండు దాటాక డౌన్‌లోడ్ పెట్టి పడుకునేదాన్ని. కాలిబ్రేషన్ ఫైళ్లు పాతవైతే జవాబు తప్పొస్తుంది, కాబట్టి ఈ బరువు మోయక తప్పదు. చంద్ర కెమెరా ముందున్న పలుచని ఫిల్టర్ మీద ఏళ్లు గడిచేకొద్దీ మురికి పేరుకుంటోంది, తక్కువ శక్తి ఎక్స్‌రేలు అక్కడే ఆగిపోతున్నాయి. ఏ ఏడాది డేటాకు ఎంత సరిచేయాలో ఆ ఫైళ్లలోనే ఉంటుంది.

స్పెక్ట్రమ్ దగ్గర రెండు వారాలు ఇరుక్కుపోయాను. అవశేషంలో ఒక చిన్న ముక్క ఎంచుకుని, అక్కడి నుంచి వచ్చిన ఎక్స్‌రేలను శక్తి ప్రకారం వరుసగా పేర్చాను. 1.86 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (ఎక్స్‌రేల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర సిలికాన్ శిఖరం, 2.45 దగ్గర గంధకం. 0.7 నుంచి 1 దాకా ఇనుము గీతలన్నీ కలిసిపోయి ఒక పెద్ద దిబ్బ. 6.4కి కొంచెం పైన మళ్లీ ఇనుమే. ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే లెక్క ప్రకారం వేసిన మోడల్ గీత దాని మీద కూర్చోవడం పెద్ద పనా అనుకున్నాను. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా కూర్చోలేదు. ఉష్ణోగ్రత పెంచితే ఒకచోట సరిపోయి ఇంకోచోట పోయేది. ఇనుము శిఖరం మోడల్‌లో 6.7 దగ్గర వచ్చేది, డేటాలో మాత్రం 6.45 దగ్గర. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

తప్పు నా మోడల్‌లోనే ఉంది. వాయువు పూర్తిగా కుదుటపడిందని, ఎంత వేడికి ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడాలో అన్నీ ఊడిపోయాయని నేను ముందే అనుకుని మొదలుపెట్టాను. అన్నం వండేవాళ్లకు ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఎసరు మరిగినంత మాత్రాన బియ్యం ఉడకదు, సమయం పడుతుంది. మధ్యలో మెతుకు పట్టి చూస్తే ఇంకా పలుకు తగులుతుంది. అఘాత తరంగం వెళ్లాక వాయువు క్షణాల్లో వేడెక్కినా, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా ఊడాలంటే గుద్దుళ్లు కావాలి. వాయువు ఇంత పలుచగా ఉంటే నాలుగు వందల ఏళ్లు కూడా చాలవు. 6.45 దగ్గర ఉన్న ఆ ఇనుము ఇంకా పలుకు మీద ఉంది. ఈ సంగతిని లెక్కలోకి తీసుకునే మోడల్ పెట్టగానే గీత చక్కగా వచ్చి డేటా మీద కూర్చుంది.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఎంత ఉడికిందనేది సాంద్రత, సమయం రెండూ గుణించిన విలువ మీద ఆధారపడుతుంది. చాలా అవశేషాల వయసు మనకు సరిగా తెలియదు. దీని పుట్టిన రోజు మాత్రం జనం చూసి రాసిపెట్టారు. సమయం నాలుగు వందల ఏళ్లకు మించదని తెలుసు కాబట్టి సాంద్రత కనీసం ఎంత ఉండాలో బయటికొస్తుంది. దుమ్ము దారిలో ఒక సాంద్రత, ఎక్స్‌రే దారిలో ఇంకో సాంద్రత. రెండూ ఒక దరికి వస్తేనే నమ్మాలని మేడమ్ ముందే చెప్పి ఉంచారు.

ఎన్నో ముక్కలు తీసి చూశాక ఒక తీరు కనపడింది. ఎక్కువ చోట్ల ఇనుము, సిలికాన్, గంధకం మెండుగా ఉన్నాయి, ఆక్సిజన్ మాత్రం లేదు. అది పేలిన నక్షత్రం శరీరమే. అతి కొద్ది చోట్ల ఆక్సిజన్, ఇనుము సూర్యుడిలో ఉన్న పాళ్లలో ఉన్నాయి. అది పేలుడుకు ముందు చుట్టూ ఉన్న వాయువు. ఇంకొన్ని అంచుల్లో శిఖరాలే లేవు, నున్నటి గీత మాత్రమే. అక్కడ విపరీతమైన శక్తి పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ వెలుగుతున్నాయి. ఇదంతా 2006 నాటి డేటాతో పరిశోధకులు ఎప్పుడో రాసిందే. నేను కొత్తగా కనిపెట్టింది కాదు. అయినా ఎవరో చెప్పగా వినడం వేరు, మన చేతుల్లో అది తేలడం వేరు.

ఆక్సిజన్ లేకుండా ఇంత ఇనుముందంటే ఇది పెద్ద నక్షత్రం కుప్పకూలడం వల్ల వచ్చిన పేలుడు కాదు. ఒక శ్వేత కుబ్జ తార, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, అణువిస్ఫోటనంలా మొత్తం పేలిపోయింది. అందుకే, పెద్ద నక్షత్రం కుప్పకూలితే మిగిలే న్యూట్రాన్ తార కూడా మధ్యలో దొరకలేదు. శ్వేత కుబ్జ తార సూర్యుడికి 1.4 రెట్ల బరువు వరకే నిలబడగలదని లెక్కగట్టింది సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ పరిమితి దగ్గరికి చేరుతున్నప్పుడు ఏమవుతుందో చూపించే అవశేషాన్ని, ఆయన పేరే పెట్టుకున్న టెలిస్కోప్ చూసింది.

తర్వాత స్పిట్జర్ వంతు. దానికి 85 సెంటీమీటర్ల అద్దం ఉంది. టెలిస్కోప్ వెచ్చగా ఉంటే అదే పరారుణ కాంతిలో వెలిగిపోతుంది కాబట్టి ద్రవ హీలియంతో చల్లబరిచేవారు. 2009 మేలో హీలియం అయిపోయింది. దుమ్ము వెలిగే 24, 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగ పొడవుల దగ్గర ఆ తర్వాత అది చూడలేకపోయింది. 2020 జనవరిలో దాన్ని పూర్తిగా ఆపేశారు.

24 మైక్రాన్ల చిత్రాన్ని, 70 మైక్రాన్ల చిత్రాన్ని పక్కపక్కన పెట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే దుమ్ము ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ చల్లగా ఉందో తెలుస్తుంది. భాగించాను. అద్భుతమైన బొమ్మ వచ్చింది. ఉత్తర అంచు వెంట వెంట్రుకలా సన్నటి వేడి గీత, దానికి లోపలా బయటా చల్లటి పట్టీలు. అఘాత తరంగం అంచునే పట్టేశాననుకుని అర్ధరాత్రే మేడమ్‌కి బొమ్మ పంపించాను.

పొద్దున్నే ఫోన్ చేశారు. "బాగుందమ్మా. 70 మైక్రాన్ల చిత్రం ఒక్కటే తెరిచి చూడు. అంత సన్నటి గీత అందులో ఎక్కడైనా కనిపిస్తోందా?"

తెరిచి చూశాను. లేదు. ఉండే వీలే లేదు. స్పిట్జర్ 24 మైక్రాన్ల దగ్గర 6 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) దాకా విడదీసి చూడగలదు, 70 దగ్గరికొచ్చేసరికి 18. ఒకటి కళ్లజోడు పెట్టుకుని చూసిన చూపు, రెండోది కళ్లజోడు తీసేసి చూసిన చూపు. ఆ రెండిటినీ నేను భాగించాను. పదునైన చిత్రంలో అంచు కోసుగా ఉంటుంది, మసక చిత్రంలో అదే వెలుగు పక్కలకు పరుచుకుంటుంది. భాగిస్తే మధ్యలో ఎక్కువ, పక్కల తక్కువ. నా వేడి గీత, చల్లటి పట్టీలు అలా పుట్టినవే. ఆకాశంలో అలాంటివేమీ లేవు.

24 మైక్రాన్ల చిత్రాన్ని కూడా 18 ఆర్క్‌సెకన్ల దాకా మసకగా చేసి మళ్లీ భాగించాలి. అంత అందమైన చిత్రాన్ని చేతులారా చెరపడం కష్టంగా అనిపించింది. చంద్ర చిత్రం అయితే అర ఆర్క్‌సెకన్ దాకా చూస్తుంది. దాని నుంచి ఇలాంటి పోలికకు ముక్కలు తీసుకోవాలన్నా పెద్ద పెద్ద ముక్కలే తీసుకోవాలి. మూడింటిలో ఏది మసకో దాని మాటే చెల్లుతుంది.

ఫిబ్రవరిలో ఇంటికొచ్చాను. మాది పొగాకు పండించే ఇల్లు. అప్పుడు మా బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) మండుతోంది. ఆకు ముదురు పచ్చ నుంచి పసుపుకు తిరిగే రోజులు కావడంతో నాన్న రాత్రంతా లేచి లేచి వెళ్లి, చిన్న కిటికీ అద్దంలోంచి టార్చిలైటు వేసి థర్మామీటర్ చూసేవాడు. నేను వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నా సమస్య అప్పుడు దక్షిణ భాగం. అక్కడ 70 మైక్రాన్ల వెలుగు చాలా తక్కువ. పాలపుంతలో మామూలుగా ఉండే దుమ్ము ముందూ వెనకా వెలుగుతుంటుంది కాబట్టి దాన్ని తీసెయ్యాలి. పక్కన ఖాళీగా ఉన్నట్టు కనిపించిన ఒక చోటు చూసుకుని, అక్కడి వెలుగును తీసేస్తూ వచ్చాను. దక్షిణాన దుమ్ము ఉత్తరం కంటే వేడిగా ఉన్నట్టు వచ్చింది. ఎక్స్‌రే మాత్రం దక్షిణాన వాయువే పలుచన అంటోంది, అంటే పూర్తిగా వ్యతిరేకం.

నాన్న వచ్చి పక్కన కూర్చుని, "ఈ పక్క థర్మామీటరు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తందమ్మా. గొట్టానికి దగ్గరగా కట్టాడు వాడు" అని విసుక్కున్నాడు. తెల్లారాక దాన్ని ఆకు మధ్యకు జరిపించాడు. నేను ఆ రోజే నా ఖాళీ చోటును నాలుగు దిక్కులకూ జరిపి చూశాను. ఒక్కోసారి ఒక్కో జవాబు! పాలపుంత వెలుగు అక్కడ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాలుగా మారుతోంది. నేను ఎంచుకున్న చోటు మరీ వెలుగున్న వైపు పడింది. ఎక్కువ తీసేశాను, 70 మైక్రాన్ల విలువ పడిపోయింది, దుమ్ము వేడిగా ఉన్నట్టు కనపడింది. చివరికి అవశేషం చుట్టూ చాలా చోట్ల కొలిచి, ఆ వాలును కూడా లెక్కలో పెట్టి తీసేశాను. దక్షిణం చల్లబడింది. దాని పక్కన రాసిన పొరపాటు అవధి మాత్రం పెద్దదే. దాన్ని తగ్గించి చూపడానికి నాకు మనసొప్పలేదు, అలాగే రాశాను.

అన్నీ సరిచేశాక ఉత్తరాన సాంద్రత దక్షిణం కంటే దాదాపు పది రెట్లు ఎక్కువని వచ్చింది. స్పిట్జర్ స్పెక్ట్రమ్‌లతో పరిశోధకులు చెప్పినదీ దాదాపు అంతే. ఎక్స్‌రే దారి కూడా అటే చూపించింది, అంకె అచ్చంగా కలవకపోయినా. నాకు బాగా పట్టుకున్న విషయం దీని తర్వాతది. ఈ అవశేషం పాలపుంత పళ్లెం మీద కాకుండా దానికి చాలా ఎత్తున ఉంది. అక్కడ ఇంత చిక్కటి వాయువు ఊరికే ఉండదు. అది పేలిన నక్షత్రమో, దాని తోడు నక్షత్రమో వదిలిందై ఉండాలి. ఆ దుమ్ములో 10, 18 మైక్రాన్ల దగ్గర సిలికేట్ గుర్తులు కూడా ఉన్నాయి. ముసలి ఎర్ర నక్షత్రాలు చివరి దశలో ఊదేసే దుమ్ములో ఇలాంటివే ఉంటాయి. అంటే పేలిన శ్వేత కుబ్జ తార ఒంటరిది కాకపోవచ్చు, పక్కన అలాంటి నక్షత్రం ఒకటి ఉండి తన పదార్థాన్ని చుట్టూ చల్లి ఉండొచ్చు. ఆ తోడు నక్షత్రం కోసం వెతికినవాళ్లకు ఇంకా గట్టిగా ఏదీ దొరకలేదు.

వైవా పెద్దగా చెప్పుకునేంత లేదు. పావుగంటలో అయిపోయింది.

ఆషాఢంలో మళ్లీ ఇంటికి వెళ్లినప్పుడు, మబ్బు లేని ఒక రాత్రి నాన్నని డాబా మీదికి తీసుకెళ్లాను. పది గంటల వేళ దక్షిణం వైపు తిరిగితే వృశ్చికం నిలువునా కనిపిస్తుంది. జ్యేష్ఠ ఎర్రగా, తోక చివర మూల. మూల నుంచి నేరుగా పైకి, చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఒకటిన్నర పిడికిలి ఎత్తులో ఖాళీగా ఒక చోటు. "అదిగో, అక్కడే" అన్నాను. నాన్న చాలాసేపు చూసి, "ఏం లేదుగా" అన్నాడు.

ఫోన్ తీసి రెండు బొమ్మలు చూపించాను. చంద్ర 2000లో తీసింది ఒకటి, 2014లో తీసింది ఒకటి. వెనకనున్న చుక్కల సాయంతో రెండిటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా కుదిర్చి, ఒకదాని తర్వాత ఒకటి మారేలా పెట్టాను. పద్నాలుగేళ్లలో అంచు జరిగింది కొన్ని పిక్సెళ్లే. అయినా కంటికి తెలుస్తుంది, ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతుంది. నాన్న ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, కింది అంచు మీద వేలు పెట్టి, "ఇది కదులుతుంది" అన్నాడు. కాసేపాగి వేలు పైకి జరిపాడు. "ఇక్కడ అంతగా కదలటం లేదేం?"

"అక్కడ ముందే దుమ్మూ వాయువూ చిక్కగా ఉన్నాయి నాన్నా, అడ్డుపడ్డాయి" అన్నాను.

"ఊఁ" అని, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.